మూడేళ్ళ చేతికి పలకా, మట్టిముద్దా?

జూన్ మాసం దగ్గర పడిందంటే జహీరాబాద్ మొహల్లాల్లో తల్లుల మాటలన్నీ ఒక్క విషయం చుట్టే తిరుగుతాయి. ఎవరి అబ్బాయిని ఏ నర్సరీలో వేస్తున్నారు, ఫీజు ఎంత, యూనిఫారం ఎక్కడ దొరుకుతుంది, ఆటో ఇంటి దాకా వస్తుందా రాదా. మూడేళ్ళు నిండీ నిండని పసివాడి వీపుకు వాడి కంటే పెద్ద సంచి తగిలిస్తారు. మెడలో నీళ్ళ సీసా, చొక్కాకు పిన్నుతో గుచ్చిన చేతిరుమాలు. లారీలు పరుగెత్తే ముంబయి రహదారి పక్క నుంచి ఆటోల్లో కిక్కిరిసి పోయే ఈ పసివాళ్ళను చూసినప్పుడల్లా మాకొక ప్రశ్న కలుగుతుంది. వీళ్ళను మనం ఎక్కడికి పంపుతున్నాం? అక్కడ వీళ్ళకు దొరికేది ఏమిటి?

ఈ మాట అడిగితే తల్లిదండ్రులు వెంటనే ఇచ్చే జవాబు ఒకటుంది. "ఇంగ్లీషు మీడియం సాబ్! రైమ్సన్నీ వచ్చేశాయి. వంద దాకా రాస్తున్నాడు" అంటారు. వాళ్ళ ఆశను మేము తప్పు పట్టడం లేదు. ట్రాక్టర్ల కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేసే తండ్రి, చెరకు నరికే తండ్రి, ఇంట్లో మిషన్ మీద బట్టలు కుట్టే తల్లి కడుపు కట్టుకుని నెలనెలా ఫీజు కడుతున్నారు. తమకు దక్కని చదువు బిడ్డకు దక్కాలన్నది వాళ్ళ తపన. అయితే ఆ రూపాయికి తగిన సరుకు చేతికి వస్తున్నదా అన్నది చూడాలి కదా. బజారులో వంకాయను నాలుగుసార్లు తిప్పి చూసి గానీ తూకం వేయించని మనం, బిడ్డను అప్పగించే చోటును మాత్రం గోడ మీది రంగుబొమ్మలు చూసి ఒప్పుకుంటున్నాం.

మంచి నర్సరీకి గుర్తు ఏమిటి? మా దృష్టిలో మొదటి గుర్తు భవనం కాదు, పుస్తకాల జాబితా అంతకన్నా కాదు. పిల్లలతో పాటు నేల మీద కూర్చునే మనిషి. ఆమెకు ప్రతి బిడ్డ పేరు తెలుసా, బిడ్డ నత్తినత్తిగా చెప్పే మాటను చివరి దాకా వింటుందా, ఏడ్చేవాణ్ణి ఎత్తుకుంటుందా, బెదిరిస్తుందా – ఇదే అసలు విషయం. మిగతావన్నీ దీని తరువాతే వస్తాయి.

పట్టణంలో ఒక నర్సరీని మేము స్వయంగా చూశాం. పేరు చెప్పడం అనవసరం, అటువంటివి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అద్దెకు తీసుకున్న రెండు గదులు. ఒక గదిలో నలభైమంది దాకా పిల్లలు బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. కాళ్ళు నేలకు అందడం లేదు. ఇంటర్ పూర్తి చేసి వచ్చిన ఒక అమ్మాయి నల్లబల్ల మీద అక్షరాలు రాస్తున్నది, పిల్లలు చుక్కలు కలుపుతున్నారు. ఒక బాబు నిక్కరు తడిసిపోయింది. లేవడానికి అనుమతి అడిగే ధైర్యం లేక అలాగే కూర్చున్నాడు. గది ఎంతో నిశ్శబ్దంగా ఉంది. వెంట వచ్చిన ఒక పెద్దమనిషి ఆ నిశ్శబ్దాన్ని చూసి మెచ్చుకున్నారు కూడా. మూడేళ్ళ పిల్లలు నలభైమంది ఉన్న గది నిశ్శబ్దంగా ఉందంటే దాన్ని క్రమశిక్షణ అనరాదు. అది భయం.

ఆ అమ్మాయిని నిందించి ప్రయోజనం లేదు. ఆమెకు ఈ పనిలో శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. జీతం చెప్పుకోదగ్గది కాదు. సాయంత్రం నోటుపుస్తకంలో పేజీ నిండి ఉండకపోతే మర్నాడు తల్లి వచ్చి నిలదీస్తుంది. అంటే ఆ పేజీని కోరుతున్నది మనమే. కేంద్ర ప్రభుత్వం 2013లో చిన్నపిల్లల విద్య, సంరక్షణకు ఒక జాతీయ విధానాన్ని ప్రకటించింది. దానితో పాటు వచ్చిన ప్రమాణాల ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవైమందికి ఒక పెద్దమనిషి ఉండాలి. మూడేళ్ళ లోపు వాళ్ళైతే పదిమందికి ఒకరు. ముప్ఫైమంది కూర్చునే గది 35 చదరపు మీటర్లకు తగ్గరాదు. రోజుకు మూడు నాలుగు గంటలు చాలు. మన నర్సరీల్లో ఎన్నింటికి ఈ కొలత సరిపోతుందో పాఠకులే చూసుకోవచ్చు, గజం కర్ర కూడా అవసరం లేదు.

పెన్సిలు కంటే ముందు

చేతి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే జరుగుతున్న నష్టమంతా అక్కడే ఉంది. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. మూడేళ్ళ బిడ్డలో అవన్నీ ఎముకలుగా గట్టిపడి ఉండవు, చాలావరకు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్ళ కండరాలకు ఇంకా పట్టు చిక్కదు. ఆ చేతికి సన్నని పెన్సిలు ఇచ్చి, రెండు గీతల మధ్య అక్షరాన్ని ఇరికించమంటే బిడ్డ భుజం బిగబట్టి, నాలుక బయట పెట్టి, పిడికిలితో రాస్తాడు. రాత వస్తుంది, దానితో పాటు రాత అంటే అయిష్టం కూడా వస్తుంది. రెండోది మొదటి దాని కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పెద్ద పిల్లలకు పాఠాలు చెప్పేవారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

మరి ఆ చేతికి ఏం కావాలి? జొన్నరొట్టె చేస్తున్న తల్లి దగ్గరకు బిడ్డ వచ్చి కొంగు లాగితే ఆమె చిన్న పిండిముద్ద తుంచి ఇస్తుంది. బిడ్డ దాన్ని పిసికి, దొర్లించి, చదును చేసి "నా రొట్టె" అంటాడు. రాతకు మొదటి పాఠం అదే. మట్టితో ఎద్దును చేయడం, కాగితం చించడం, దారంలో పెద్ద పూసలు గుచ్చడం, ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి నీళ్ళు వొలకకుండా పోయడం – ఇవన్నీ వేళ్ళకు పట్టు నేర్పుతాయి. మన ప్రాంతంలో వెనుకటి పిల్లలు జొన్న సొప్ప బెండుతో బండి చేసేవారు. బెండును కోసి, ఈనెలు గుచ్చి, చక్రాలు అమర్చి, దారం కట్టి లాగుకుంటూ పోయేవారు. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ కారు కంటే అందులో చదువు ఎక్కువ ఉంది. చక్రం ఎందుకు తిరగడం లేదు, ఒక వైపు ఎందుకు ఒరిగింది అని బిడ్డే ఆలోచించుకోవాలి.

లెక్కల సంగతీ ఇంతే. వంద దాకా రాసిన బిడ్డను పిలిచి, "దస్తర్‌ఖాన్ దగ్గర మనం ఎంతమందిమి ఉన్నామో చూసి అన్ని గ్లాసులు పట్టుకురా" అని చెప్పి చూడండి. చాలామంది తికమక పడతారు. అంకెల పేర్లు వచ్చాయి గానీ ఒక మనిషికి ఒక గ్లాసు అన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు. గ్లాసులు పెట్టిన బిడ్డకు లెక్క వచ్చింది. వంద రాసిన బిడ్డకు రాత మాత్రమే వచ్చింది.

ఇదంతా పాశ్చాత్యుల కొత్త మోజు అని కొట్టిపారేసేవారు మనలో ఉన్నారు. వారికి మన ఇళ్ళలోని ఆచారాన్నే గుర్తు చేస్తాం. బిస్మిల్లా ఖ్వానీ చేసేది ఎప్పుడు? నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులకు. ఇది షరీఅత్ ఆదేశం కాదు, మన దేశంలో స్థిరపడిన ఆచారం మాత్రమే. అయినా దానిలో పెద్దల అనుభవం ఉంది. అప్పటిదాకా బిడ్డను తఖ్తీ దగ్గర కూర్చోబెట్టేవారు కాదు. నమాజు విషయంలో సైతం, పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక చెప్పమని మహాప్రవక్త (స) ఆదేశించారు. అంతటి విధికే ఏడేళ్ళ దాకా ఆగినప్పుడు, మూడేళ్ళవాడు ఎ బి సి డి రాయలేదని ఇంట్లో బెత్తం ఎందుకు లేస్తున్నది?

హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. మహాప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పసివాణ్ణి కునియత్‌తో, అంటే పెద్దవాళ్ళను పిలిచే పిలుపుతో, పలకరించి పిట్ట ఏమైందని అడిగేవారని హదీసుల్లో ఉంది. మదరసాల్లో ఈ హదీసును ఎన్నో మసాయిల్ కోసం చదువుతాం. నర్సరీలో పనిచేసేవారు ఒక్క సంగతి గమనించినా చాలు. బిడ్డతో మాట కలపాలంటే బిడ్డకు ఇష్టమైన దాని గురించి అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఇమామ్ గజాలీ (రహ్మ) తొమ్మిది వందల ఏళ్ళ కిందటే, మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలనీ, ఆట మాన్పించి ఎప్పుడూ చదువే మీద పడేస్తే వాడి మనసు చచ్చిపోతుందనీ రాశారు. ఆయన చెప్పింది మక్తబ్‌కు వెళ్ళే వయసు పిల్లల గురించి. మూడేళ్ళ వాళ్ళ గురించి వేరే చెప్పనక్కర లేదు.

అమెరికాలో జరిగిన ఒక ప్రయోగాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే పట్టణంలో 1962లో పెర్రీ స్కూలు అనే చోట 123 మంది పేద నల్లజాతి పిల్లలను తీసుకున్నారు. వారిలో 58 మందికి మూడు నాలుగేళ్ళ వయసులో నర్సరీ ఏర్పాటు చేశారు, మిగతావారికి లేదు. రోజుకు రెండున్నర గంటలే బడి. ఒక్కొక్క ఉపాధ్యాయినికి ఐదారుగురు పిల్లలు. ఏం చేయాలో పిల్లలే అనుకోవాలి, చేయాలి, చేసిన తరువాత దాని గురించి చెప్పాలి. ఉపాధ్యాయిని వారానికి ఒకసారి బిడ్డ ఇంటికి వెళ్ళి తల్లితో గంటన్నర గడిపేది. ఈ రెండు వర్గాల వారినీ నలభై ఏళ్ళ వయసు దాకా పరిశీలించారు. ఆశ్చర్యమేమిటంటే, నర్సరీ పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో వచ్చిన ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది. ప్రయోగం విఫలమైందనే అనుకున్నారు. కానీ పెద్దయ్యాక చూస్తే హైస్కూలు పూర్తి చేసినవారు, ఉద్యోగాల్లో నిలిచినవారు వారిలోనే ఎక్కువ. పోలీసుల చేతిలో పడినవారు తక్కువ. 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్‌మన్ ఈ లెక్కలను మళ్ళీ పరిశీలించి, చిన్నపిల్లల మీద పెట్టిన ఖర్చు సమాజానికి లాభంతో తిరిగి వస్తుందని చూపించారు. అక్షరాల్లో ముందుండడం నిలవలేదు. అనుకున్న పని పూర్తి చేయడం, నలుగురితో కలిసి మెలగడం నిలిచాయి.

మన దేశంలోనూ ఈ మాట చెప్పినవారు లేకపోలేదు. 1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ పిల్లల చదువు బరువు మీద కేంద్రానికి నివేదిక ఇచ్చింది. పసివాళ్ళపై చదవడం, రాయడం, లెక్కలు రుద్దడం హింసేనని తేల్చి, నర్సరీ ప్రవేశానికి పెట్టే పరీక్షలూ ఇంటర్వ్యూలూ రద్దు చేయాలని సూచించింది. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఇంటర్వ్యూకని నాలుగేళ్ళ బిడ్డకు రంగుల పేర్లు బట్టీ పట్టించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక బోర్డుల మీద కనిపించే ఒక పేరు గురించి ఒక మాట. ఊరికో 'మాంటిస్సోరి స్కూలు' ఉంది. మేరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు వైద్యురాలు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో, తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లల కోసం తన మొదటి బడి పెట్టారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎంతోమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె బడిలో బల్లల వరుసలు లేవు. బిడ్డకు అందే ఎత్తులో అరలుండేవి, కావలసిన వస్తువు బిడ్డే తీసుకుని, పని కాగానే అక్కడే పెట్టాలి. గుండీలు పెట్టుకోవడం, నీళ్ళు పోయడం అక్కడ పాఠాలు. మన మాంటిస్సోరి బోర్డుల వెనుక బల్లల వరుసలే ఉన్నాయి.

ఏ భాషలో నీళ్ళడగాలి?

జహీరాబాద్ సరిహద్దు పట్టణం. కొంత దూరం పోతే బీదర్. మొహల్లాలో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, బంధువుల ఇళ్ళలో కన్నడ, తండాల నుంచి వచ్చేవారి నోట లంబాడీ. మన బిడ్డ ఇంట్లో "మేరేకు పానీ హోనా" అంటాడు. అలాంటి బిడ్డను తీసుకుపోయి, ఇంగ్లీషులో అడిగితే గానీ నీళ్ళ సీసా మూత తీయని చోట కూర్చోబెడితే ఏమవుతుంది? వాడు నీళ్ళడగడం మానేస్తాడు. మాటలు రాని బిడ్డ అని టీచరు అనుకుంటుంది. ఇంటి దగ్గర అదే బిడ్డ నానమ్మతో కోటి ప్రశ్నలు వేస్తుంటాడు.

మూడు నుంచి ఆరేళ్ళ వయసు మాట పెరిగే వయసు. మాట పెరగాలంటే బిడ్డ మాట్లాడాలి, ఎవరో ఒకరు తిరిగి మాట్లాడాలి. అది ఇంటి భాషలో తప్ప మరో భాషలో మొదలు కాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా వీలున్నంత వరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని చెబుతున్నది. ఇంటి భాషలో చక్కగా కథ చెప్పగలిగిన బిడ్డ మరో భాషను త్వరగా అందుకుంటాడు. ఇంటి భాషలోనే నోరు కట్టేసిన బిడ్డకు ఇంగ్లీషు కూడా రాదు, రైములు మాత్రం వస్తాయి.

దీని అర్థం మన పిల్లలు ఉర్దూ దాటి పోరాదని కాదు. మేము అలా అనం. తెలుగు రాని ముస్లిం పిల్లవాడు ఈ రాష్ట్రంలో ఎమ్మార్వో కార్యాలయం గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. మంచి నర్సరీలో ఉస్తానీ దక్కనీలో పలకరిస్తుంది, తెలుగులో పాట పాడిస్తుంది, పక్కనున్న లంబాడీ పాప చెప్పే మాట విని నవ్వుతుంది. ఆడుకుంటూ పిల్లలు ఒకరి భాష ఒకరు నేర్చుకుంటారు. మన మొహల్లాల్లో వెనుకటి తరం మూడు భాషలు నేర్చింది ఇలాగే, ఏ ఫీజూ కట్టకుండా. కాబట్టి టీచరును ఎంచుకునేటప్పుడు ఆమె ఇంగ్లీషు ఉచ్చారణ కంటే, బిడ్డ "నక్కో" అంటే ఆమెకు అర్థమవుతుందా అన్నది ముందు చూడాలి.

అక్క బడి మానకుండా

నర్సరీ అంటే కేవలం ఆ బిడ్డ విషయం కాదు. మన పేద ఇళ్ళలో తల్లి పనికి పోతే చంటివాణ్ణి ఎత్తుకునేది ఎనిమిదేళ్ళ అక్క. ఆమె బడి మానేస్తుంది. ఒక ఏడాది అనుకున్నది ఇంకో చంటివాడు పుట్టడంతో నాలుగేళ్ళవుతుంది. బిడ్డకు సరైన చోటు దొరకకపోతే రెండు చదువులు పోతాయి, ఒకటి ఇంకా మొదలే కానిది, మరొకటి మధ్యలో ఆగిపోయింది. మన ఆడపిల్లల చదువు గురించి జల్సాల్లో ఎన్నో తఖ్రీర్లు వింటాం గానీ, ఆమె చంకలోని తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటారన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఈ సంగతిని మన జహీరాబాద్ పక్కనే, పల్లెల్లోని పేద ఆడవాళ్ళు ముందుగా గుర్తించారు. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని నిర్మాతల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సొసైటీ ఊరూరా ఏర్పరచిన సంఘాల్లోని వారు ఎక్కువగా దళిత స్త్రీలు, కూలికి పోయేవారు, చదువు లేనివారు. బీడు భూముల్లో జొన్న, కొర్ర, సజ్జ మళ్ళీ పండించిన సంగతితో వారికి దేశదేశాల్లో పేరు వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి కూడా దక్కింది. కానీ ఆ సంఘాలు ఊళ్ళల్లో బాల్వాడీలు నడిపిన సంగతి అంతగా ప్రచారం కాలేదు. తల్లులు పొలానికి పోతే పిల్లలను చూసేది ఎవరన్న ప్రశ్నకు వారు వెతుక్కున్న జవాబు అది. తాము పండించే చిరుధాన్యాలనే పిల్లలకు పెట్టారు. బిడ్డ తినేది ఇంటి తిండి, వినేది ఇంటి భాష, తిరిగేది తెలిసిన ఊరు. పట్నం నర్సరీ ఫీజు తీసుకుని ఇవ్వలేని ఈ మూడూ పల్లెలో దొరికాయి.

మనవారు ఈ పాఠాన్ని ఎందుకు చూడడం లేదు? ఒక కారణం మొహమాటం లేకుండా చెప్పాలి. అది పేదల వ్యవహారం, మనం నర్సరీకి పంపుతాం అన్న గొప్ప. అంగన్‌వాడీ విషయంలోనూ ఇదే. వీధి చివర అంగన్‌వాడీ ఉన్నా పేరు మాత్రం అక్కడ రాయించి, గుడ్లు తెచ్చుకుని, బిడ్డను నర్సరీ ఆటో ఎక్కించే ఇళ్ళు మనకు తెలుసు.

అంగన్‌వాడీ అన్న మాటలోనే 'ఆంగన్' ఉంది, మన ఇంటి ముంగిలి. ఈ ఆలోచన వెనుక మహారాష్ట్రకు చెందిన తారాబాయి మోడక్ ఉన్నారు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా దగ్గర పనిచేసిన ఆమె, 1945లో బోర్డీ గ్రామంలో, తరువాత కోస్‌బాడ్‌లో అనుతాయి వాఘ్‌తో కలిసి ఆదివాసీ పిల్లల కోసం పూనుకున్నారు. పిల్లలు బడికి రాకపోతే వారు పిల్లలను తిట్టలేదు. బడినే గూడెం ముంగిట్లోకి తీసుకుపోయారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలుకే పోయారు. ముందు స్నానం, గోళ్ళు, తల దువ్వడం, తరువాత పాట, ఆ తరువాతే చదువు. 1975 అక్టోబరు 2న కేంద్రం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే వచ్చింది.

మన అంగన్‌వాడీలన్నీ బాగున్నాయని మేము అనడం లేదు. కొన్ని ఇరుకు అద్దె గదుల్లో నడుస్తున్నాయి. టీచరుకు పిల్లలతో కూర్చునే సమయం కంటే రిజిస్టర్లకూ ఫోనులో వివరాలు ఎక్కించడానికీ పట్టే సమయం ఎక్కువ. గర్భిణుల లెక్క, బరువుల లెక్క, సర్వేలు అన్నీ ఆమె మీదే. కేంద్రం 2018 అక్టోబరు నుంచి అమలయ్యేలా నిర్ణయించిన గౌరవ వేతనం టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రం తన వంతు కలుపుతుంది, అయినా అది జీతం కాదు, గౌరవ వేతనమే. ఆ గౌరవం కోసమే 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మెకు దిగవలసి వచ్చింది. బిడ్డ జీవితంలో మొదటి గురువుకు ఇచ్చే విలువ ఇది. ఇంత ఉన్నా, ఇంటి భాష తెలిసిన ఓపికగల టీచరు ఉన్న అంగన్‌వాడీ, బల్లలు వేసిన ఏ నర్సరీ కంటే వెయ్యి రెట్లు నయం.

చూడవలసిన మరికొన్ని సంగతులు త్వరగా చెబుతాం. మరుగుదొడ్డి బిడ్డ ఒంటరిగా కూర్చోగలిగినంత చిన్నదిగా ఉండాలి, లోపలి గడియ బయటి నుంచి తీయగలిగేలా ఉండాలి. తాగే నీళ్ళ మీద మూత, ఆరుబయట కాస్త నీడ, గేటుకు గొళ్ళెం. మూడేళ్ళ బిడ్డ మీద బెత్తం ఎత్తే చోటు ఎంత పేరున్నదైనా ఆ గుమ్మం ఎక్కవద్దు. తల్లి ఏ వేళ వచ్చినా లోపలికి రానిచ్చే చోటు మంచిది. 'పేరెంట్స్ నాట్ అలౌడ్' అన్న బోర్డు ఉంటే లోపల ఏదో చూపదగనిది ఉందనే అనుకోవాలి. మొదటి వారం తల్లిని కాసేపు పక్కన కూర్చోనిస్తే బిడ్డ ఏడుపు త్వరగా తగ్గుతుంది. లాక్కుని తలుపు వేసేస్తే ఏడుపు ఆగుతుంది గానీ దిగులు ఆగదు. మంచి టీచరు కంటికి ఇంకొకటి కూడా కనబడుతుంది – పిలిస్తే తిరిగి చూడని బిడ్డ. అది పొగరు కాదు, చెవి సరిగా వినబడకపోవడం కావచ్చు. మూడేళ్ళకు తెలిస్తే వైద్యం చేయించవచ్చు, ఆరేళ్ళకు తెలిస్తే మూడేళ్ళ మాట పోయినట్టే.

"అంతా బాగానే ఉంది హజ్రత్, కానీ ఒకటో తరగతిలో వేసేటప్పుడు రాత అడుగుతారు కదా" అని తల్లులు అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా జవాబు – ఐదు నిండిన బిడ్డ, చేతికి పట్టు వచ్చిన బిడ్డ, మాట వచ్చిన బిడ్డ, కొన్ని నెలల్లో నేర్చుకునేదాన్ని మూడేళ్ళవాడు రెండేళ్ళు ఏడుస్తూ నేర్చుకుంటున్నాడు. చివరికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. తేడా ఏమిటంటే ఒకడికి పుస్తకం అంటే అప్పటికే విసుగు.

ఇటువంటి చోటు మన మొహల్లాల్లో పెట్టడానికి ఏం కావాలో లెక్క వేసి చూశాం. ఇరవైమంది పిల్లలకు ఓపికగల ఒక ఉస్తానీ, ఆమెకు తోడు మొహల్లాలోనే ఒక దాదీ వయసు ఆమె. ఉస్తానీకి ఈ పనిలో కొంత శిక్షణ, ఇల్లు గడిచేంత జీతం. ఖర్చులో పెద్ద భాగం ఇదే, ఇందులో తగ్గించరాదు. రెండు చాపలు, ఒక గంప జల్లించిన మట్టి, చిన్నా పెద్దా గిన్నెలు, పాత గుడ్డలతో కుట్టిన బొమ్మలు, బొమ్మల పుస్తకాలు పది, మూత ఉన్న నీళ్ళ కుండ. మధ్యాహ్నం జొన్నరొట్టె ముక్క గానీ ఖిచ్డీ గానీ ఇళ్ళ నుంచి వంతులవారీగా వస్తే సరి. ఇక మిగిలింది గది. మన మస్జిదుల పక్కన మక్తబ్ గదులు ఉన్నాయి. అందులో పెద్ద పిల్లలు ఫజర్ తరువాత ఒక గంట, అసర్ తరువాత ఒక గంట చదువుకుంటారు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా వాటికి తాళం వేసి ఉంటుంది.